ఇంకో కడవ నీళ్లు

మా మనుమరాలు ఆదివారం పొద్దున్నే పెరట్లో గిన్నె ముందేసుకుని తలకు రంగేసుకునేదానికి నీలాకు పొడి కలుపుతుంది. తడిసిన ఆ పొడి పచ్చి చిక్కుడుకాయలు తుంచినప్పటి వాసన వేస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నేను కడపలో మనుమరాలి అద్దె ఇంట్లో ఉన్నానన్న సంగతే మరిచిపోతాను. అది బట్టల దుకాణంలో పని చేస్తుంది. ముప్పై నాలుగేళ్లకే పాపిట దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపించాయి. గిరాకీల ముందు నిలబడే మనిషి ఇలా ఉంటే ఎట్లా అన్నాడట యజమాని. ఆకు పట్టించుకుని ఆరిన తర్వాత "నీళ్లు పొయ్యి జేజీ" అంటూ వంగి కూర్చుంటుంది. ఆ వంగిన మెడ చూస్తే నాకు చౌడక్క గుర్తొస్తుంది.

మాది కమలాపురానికి దగ్గర్లో ఒక నేతగాళ్ల ఊరు. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, ఊరి సావుకారు నన్ను చౌడక్క వెంట పనికి పెట్టాడు. ఆ రోజుల్లో పెద్దిళ్ల ఆడవాళ్లు అంగడికి వచ్చేవాళ్లు కాదు, చీరలే వాళ్ల ఇళ్లకు పోవాలి. సావుకారు మాదిరికని కొన్ని చీరలు మూటగట్టి ఇచ్చేవాడు. చౌడక్క ఆ ఇళ్ల లోపలి గదుల్లో వాటిని ఒక్కొక్కటే తన ఒంటి మీద కట్టి చూపేది. నచ్చితే అలాంటిదే మగ్గం మీద కొత్తగా నేయించి పంపేవాళ్లు. మూట మోసేది నేను, కట్టి చూపేది ఆమె. ఆమె మొగుడు వెంకటప్పకు చూపు మసకబారి, మగ్గం ఎక్కడం మానేసి అప్పటికే నాలుగేళ్లు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె రెక్కల మీదే.

చీర కట్టుకున్నాక ఆమె కదిలేది కాదు. ఒక చెయ్యి నడుము దగ్గర, ఒకటి కొంగు మీద పెట్టి అట్లాగే నిలబడేది. ఎందుకక్కా అని అడిగితే, "కదిల్తే నిన్ను సూస్తారు పాపా. నిలబడితే చీరను సూస్తారు" అంది. కుచ్చిళ్లు ఎలా పోయాలో, అంచు పాదం మీద ఎంతవరకు పడాలో, ధర అడిగినప్పుడు ఎవరి ముఖం చూడకూడదో, అన్నీ ఆమె నేర్పినవే. ఆ పనిలో నాదంటూ ఏమీ లేదు.

సావుకారు కట్టుబాట్లు శానా ఉండేవి. ముఖానికి పసుపు, తలలో పూలు తప్పకూడదు. పళ్లు ఎర్రబడతాయని ఆకూవక్క ముట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తల నెరవకూడదు. "జనం నిన్ను సూసి కొంటారనుకుంటాండావా? నీ మీదుండే చీరను సూసి కొంటారు. నువ్వు ముసిల్దానివైతే నా చీర గూడా ముసిల్దైతాది" అన్నాడు ఒకరోజు నా ఎదుటే. బయటికొచ్చి చౌడక్క పగలబడి నవ్వింది. "ఇన్యావా పాపా, చీరకు వయసొస్తాదంట! మగ్గం దిగి నెల గూడా కాలేదు దానికి!" నవ్వింది కానీ, చెప్పిన మాట జవదాటలేదు. ఆకూవక్కంటే ఆమెకు ప్రాణం. బొడ్లో ఒక తమలపాకు ఎప్పుడూ ఉండేది. బండిలో పోతూ దాన్ని తీసి వాసన చూసి మళ్లీ దోపుకునేది. ఎవరు వయసు అడిగినా ముప్పై రెండే. "అక్కా, నాకు ముప్పై రెండొచ్చేదాకా నువ్వు ఆడనే నిలబడేటట్టుండావే" అని ఏడిపిస్తే, "నిలబడతాలే, ఇద్దరం జతగా పోదాం" అనేది.

పక్షానికోసారి తలకు రంగు. ముందురోజు గోరింటాకు, మరునాడు నీలాకు. రంగులు అద్దేవాళ్ల ఇంట్లోంచి పొడి తెచ్చుకునేది. నీళ్లు పోసేది నేను. రంగు వేసిన నూలును నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలని మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తలకైనా అంతే. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని వంగి, "తేటగా వస్తాండాయా?" అని అడిగేది. నేను ఎంతంటే అంత.

ఒక చైత్రమాసంలో, పక్క ఊళ్లో పెద్దరెడ్డి ఇంట్లో పెళ్లికి పిలుపొచ్చింది. పెళ్లికూతురికి ఎర్రంచు తెల్లచీర కావాలన్నారు. బావిలో నీళ్లు అడుగంటి, చేదుకునేదానికి గంట పట్టింది. తెచ్చుకున్నవి రెండు కడవలు. రెండోది అయిపోయేసరికి కూడా బండ మీద పారే నీళ్లలో నీలం ఛాయ పోలేదు. బయట బండి వచ్చి నిలబడింది. "తేటగా వస్తాండాయా పాపా?" అంది చౌడక్క. "వచ్చినాయక్కా" అన్నాను.

బండికి ఆలస్యమవుతుందని అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ తెల్లచీర నేను కట్టుకోవాలని ఉండింది. పెద్దిళ్ల నిలువుటద్దాల్లో ఆమె వెనక మూటతో నిలబడ్డ నన్ను చూసుకుని, ఇది నా మీదైతే ఇంకెంత బాగుంటుందో అనుకునేదాన్ని. అంత జరుగుతుందని మాత్రం అనుకోలేదు. అయినా నేత ఇంట్లో పుట్టిన నాకు రంగు సంగతి తెలియదా?

గదినిండా ఆడవాళ్లు. ఉక్క. చౌడక్క తెల్లచీర కట్టి ఎప్పటిలాగే కదలకుండా నిలబడింది. ఆ ఇంటి ముసలమ్మ, "కొంగు తలమీదికి ఏసుకోమ్మే, పిల్లకు ఎట్లుంటాదో సూద్దాం" అంది. వేసుకుంది. కాసేపటికి ఒక చిన్నపిల్ల అరిచింది. "అవ్వా! ఆమె తల కారతాండాది!" నుదుటి మీద చెమటతో కలిసి నీలం చార దిగింది. కొంగు తీస్తే, తల ఆనిన చోటల్లా తెల్లచీర మీద నీలిమరకలు. ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ముసలమ్మ నవ్వలేదు. "పెండ్లి గుడ్డ మీద మరకా! ఎన్నేండ్లు నీకు?" అంది. "నలభై ఆరు తల్లీ" అంది చౌడక్క. ఆమె తన వయసు చెప్పగా నేను వినడం అదే మొదలు.

పైట చెంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. "పాపా, అట్లాంటిదే ఇంకోటుండాది గదా, నువ్వు కట్టి సూపు." తానే నా ముందు మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు పోసి దోపింది. అంచు సరిచేసింది. ఆమె నేర్పినట్టే ఒక చెయ్యి నడుము దగ్గర, ఒకటి కొంగు మీద పెట్టి నిలబడ్డాను. పెళ్లివాళ్లు ఆ చీరే ఖాయం చేశారు.

మరునాడు సావుకారు ఎక్కువ మాట్లాడలేదు. "రేపట్నుంచి ఓబులమ్మ కడ్తాది. నువ్వు మూట ఎత్తుకో" అన్నాడు. ఓబులమ్మ అంటే నేను. ఆరోజు బండిలో చౌడక్క బొడ్లోని ఆకు తీసి, వక్క పెట్టి, నోట్లో వేసుకుంది. "పోనీలే, ఇంగ ఇదన్నా తినొచ్చు" అని నవ్వింది. ఆ ఎర్రటి నవ్వు చూడలేక నేను ఎద్దుల వైపు తిరిగాను. మళ్లీ ఆమె తలకు రంగు వెయ్యలేదు. ఏడాదికల్లా తల పండిపోయింది. మూట కూలితో ఆ ఇంట్లో ఒకపూట పొయ్యి వెలగడం మానేసింది. నేను సంగటి ముద్ద పంపితే తీసుకునేది, గిన్నె తోమి తిరిగి పంపేది. చెప్పేయాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఈ పని మానెయ్యాల్సి వస్తుందని భయం. ఇంత నీచంగా ఆలోచించానని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నాకు ముప్పై మూడో ఏట చెవుల పక్కన నెరుపు కనిపించింది. అప్పటికి సావుకారు కొడుకు పెత్తనం. తండ్రి అన్న మాటే అన్నాడు, అక్షరం పొల్లుపోలేదు. ఎవరి దగ్గరికి పోవాలి? చౌడక్క దగ్గరికే పోయాను. అప్పటికి ఆమె మూట కూడా మోయలేకపోతోంది. ఏమీ అడగకుండా ఆకు తడిపి పట్టించింది. ఆరాక నన్ను బండ మీద వంచి నీళ్లు పోసింది. ఒక కడవ, రెండు, మూడు. కళ్లు తెరిచి చూస్తే నీళ్లు బాగానే ఉన్నాయి. "చాల్లే అక్కా, తేటగా వచ్చినాయి" అన్నాను.

ఆమె చెయ్యి నా మెడ మీదే ఉంది. "చాలదు పాపా. ఇంగో కడవ పొయ్యల్ల. తేటగా వచ్చినాయనే మాట నమ్మితే ఏమైతాదో నాకు తెలుసు గదా" అంది. కోపం లేదు ఆ గొంతులో. నేను వంగిన తల ఎత్తలేదు. కళ్లలో నీళ్లు ఆ నీళ్లలోనే కలిసిపోయాయి. తప్పయింది అక్కా అనే రెండు మాటలు అప్పుడూ నా నోట రాలేదు. ఆ వానాకాలమే ఆమె పోయింది.

"తేటగా వచ్చినాయా జేజీ?" అని అడుగుతుంది మనుమరాలు, మెడ వంచి, కళ్లు మూసుకుని. దాన్ని ఈ పని మానెయ్యమని చెప్పే మొహం నాకు లేదు. మానితే ఇల్లు గడవదని నాకూ తెలుసు. వంగి చూస్తాను. నీళ్లు తేటగానే ఉంటాయి. "రాలేదు, ఉండు" అని ఇంకో చెంబు పోస్తాను.