అన్నం గిన్నె కింది టైలు

మా వంటింటి గట్టుమీద ఒక టైలు ఉంటుంది. బూడిదరంగు మీద ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు. కుక్కరు దించినా, పులుసు గిన్నె దించినా దానిమీదే. గంజి పొంగి నాలుగు చుక్కలు దాని వెనక్కి కారాయంటే తడిసిన మట్టి వాసనొకటి లేస్తుంది. ఆ వాసనకి నాకు మళ్లీ తొమ్మిదేళ్లొచ్చేస్తాయి. ఈ టైలు మా నాన్న దొంగిలించి తెచ్చాడు. ఆయన జన్మలో చేసిన దొంగతనం ఇదొక్కటే.

మేం కాకినాడ వైపు వాళ్లం. మస్కట్‌లో అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న ఒక బిల్డింగు కంపెనీలో స్టోర్‌కీపరు, దార్సైట్‌లో రెండు గదుల ఫ్లాటు. రోజూ దీపాలు పెట్టేవేళకి ముగ్గురం కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్లం. నాన్న చెవిమీద పెన్సిలు పొరపాటున ఇంటికొస్తే మర్నాడు దాన్ని తిరిగి స్టోర్లో అప్పజెప్పేంత నిక్కచ్చి మనిషి. "ఈయనతో వేగడం ఆ ప్రభువుకైనా కష్టమే" అనేది అమ్మ.

ఆ చలికాలం మస్కట్‌లోనే హమ్రియాలో నాన్న కంపెనీ ఒక నాలుగంతస్తుల బిల్డింగు కడుతోంది. చలికాలమంటే మీరేదో ఊహించుకోకండి, అక్కడ ఏసీ ఆపుకోగలిగితే అదే చలికాలం. కింది అంతస్తులో ఇంకా స్తంభాలు తప్ప ఏమీ లేవు. జగిత్యాల, నిజామాబాదు వైపునుంచి వచ్చిన పనివాళ్లు అక్కడ శుక్రవారం శుక్రవారం భోజనాలయ్యాక చిరుతల రామాయణం మొదలుపెట్టారు. రెండు చేతుల్లో చెక్క చిరుతలు టకటకలాడిస్తూ, కాళ్లకి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ పాడి ఆడే ఆట అది. చిరుతలు సెంట్రింగు చెక్క ముక్కల్లోంచి చెక్కుకున్నారు. కేరళ ఎలక్ట్రీషియన్లు ప్లైవుడ్ మీద అడవి బొమ్మ వేసిపెట్టారు, పాకిస్తానీ మేస్త్రీలు విరామంలో డోలక్ వాయించి పాడేవాళ్లు, ఆసుపత్రి హాస్టలు నర్సులు చందాలేసుకుని పులిహోర పంపేవాళ్లు. హనుమంతుడి తోకలోకి దూది అమ్మే తెచ్చింది. కిరీటాలకి చాక్లెట్ రేకులు దాచే డ్యూటీ నాది, దానికోసం ఎన్ని చాక్లెట్లు తినాల్సొచ్చిందో పాపం!

సీత వేషం రాజన్నది. టైల్స్ మేస్త్రీ, చేతులు సిమెంటుకి గరుకెక్కిపోయి ఉండేవి, మీసం ఉండేది. మొదటి వారం మీసంతోనే సీతయ్యాడు. "మీసం తీసేయవా?" అని అడిగితే "మొకం మారితే పాస్‌పోర్టు ఫోటువల నన్ను గుర్తుపడ్తరా బిడ్డా?" అన్నాడు. రెండోవారానికి అందరి పోరూ పడలేక తీసేశాడు. నిజంగానే అందంగా ఉన్నాడు, చెప్పొద్దూ.

మా ఇంట్లో బైబిలు తప్ప రామాయణం లేదు. కాబట్టి సీత తిరిగొస్తుందో రాదో నాకు నిజంగా తెలీదు. తెలీనివాడు ఇంకొకడున్నాడు, ఆ సైటు కాపలాదారు, ఒమానీ ముసలాయన. మడమలదాకా దిగే తెల్లటి దిష్‌దాషా చొక్కా, చేతిలో ఖర్జూరాల గిన్నె. లంకకి ఎత్తుకుపోయిన దగ్గర్నుంచి వారం వారం నన్నే అడిగేవాడు, "సీతా ఘర్ ఆయా?" అని, సీత ఇంటికొచ్చిందా అని, వచ్చీరాని హిందీలో. నేను ఇంటికెళ్లి అమ్మని పీక్కుతినేదాన్ని. "రామాయణమంతా విని రాముడికి సీతేమవుతుందని అడిగేలా ఉన్నావే! చూసి తెలుసుకో" అనేది అమ్మ.

చిత్రమేమిటంటే, ఆ ఆటస్థలాన్ని ఆడేవాళ్లే వారమంతా కట్టి మూసేస్తున్నారు. రాముడు అడవికెళ్లేసరికి ఇటుక గోడలు లేచాయి. లంక తగలబడేసరికి ప్లాస్టరింగు అయిపోయింది. గాలి లేదు, చిరుతల మోత గోడలకి కొట్టుకుని చెవులు చిల్లులు పడేవి. యుద్ధం నాటికి రాజన్న, అతని మనుషులు టైల్స్ పరిచేస్తూ వచ్చారు. అది పూర్తయితే బిల్డింగు అప్పగించేస్తారు, పనివాళ్లని సగం మందిని సొహార్ సైటుకి, సగం మందిని నిజ్వా సైటుకి పంపేస్తారు. ఇంకొక్క శుక్రవారం కావాలి, పట్టాభిషేకం మిగిలే ఉంది.

"గజ్జె గట్టినంక పట్టాభిషేకం గాకుంట ఇడిసిపెడ్తే అరిష్టం బిడ్డా. సీతమ్మను లంకల్నే పడేసి పోతమా?" అన్నాడు రాజన్న.

హాలంతా టైల్స్ పడ్డాయి, నడిమధ్యన మంచమంత జాగా మాత్రం ఉత్త సిమెంటుతో మిగిలింది. టైల్స్ తక్కువొచ్చాయన్నాడు రాజన్న. మేం పిల్లలం ప్రతి శుక్రవారం కూర్చునేది టార్పాలిన్ కప్పిన అట్టపెట్టెల వరస మీద. నాకసలే ఊరుకోని వేళ్లు. టార్పాలిన్ ఎత్తి ఒక పెట్టె మూల చించి చూశాను. బూడిదరంగు, నల్ల చుక్కలు, అచ్చం హాల్లో పరిచినవే!

గురువారం బడికి సెలవు, అమ్మకి డ్యూటీ, నన్ను నాన్న సైటుకి తీసుకెళ్లాడు. ఇంజనీరుగారొచ్చారు. కేరళాయన, తెలుగు ముక్క రాదు. మధ్య జాగా చూసి మొహం చిట్లించి, స్టోర్లో టైల్స్ లేవా అని నాన్నని హిందీలో అడిగారు. నాన్న స్టాకు పుస్తకం పేజీలు తిప్పుతున్నాడు. స్టోర్లో ఏముందో లేదో ఆయనకి కంఠతా. రాజన్న నేలచూపులు చూస్తున్నాడు. నేను ఆగుతానా?

"ఉన్నాయిగా నాన్నా! మేం కూర్చునేది వాటిమీదేగా!"

ఇంజనీరుగారు నావైపు తిరిగి, "బచ్చీ క్యా బోల్ రహీ హై?" అని, పాప ఏమంటోందో నాన్నని అడిగారు.

నాన్న చెవిమీది పెన్సిలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "ప్యాస్ లగీ హై, సర్" అన్నాడు.

దాహం! నాకు! ఇంజనీరుగారు మంచివారు, కారులోంచి చల్లటి నారింజ రసం తెప్పించి నా చేతిలో పెట్టి, టైల్స్ తెప్పించి శనివారానికల్లా పూర్తిచేయమని వెళ్లిపోయారు. నేను దాన్ని తాగుతూ నాన్నని చూస్తున్నాను. అబద్ధమాడిన నాన్నని అప్పుడే మొదటిసారి చూడటం. నావల్లే ఆడాడని ఏడుపొచ్చింది, రసం మాత్రం బాగుంది.

ఆ సాయంత్రం ప్రార్థన మధ్యలో నాన్న ఆగిపోయాడు. అమ్మ ఒక కన్ను తెరిచింది. "ఇవాళ అబద్ధం ఆడానే" అన్నాడు.

"ఎవరికోసమండీ?"

"సీతమ్మ కోసం."

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. తర్వాత లేచి బీరువాలోంచి తన పెళ్లిచీర తీసింది. మా పెళ్లిళ్లలో కట్టే తెల్లపట్టు. పట్టాభిషేకానికి మంచి చీర ఇమ్మని రాజన్న అడిగితే అప్పటిదాకా కుదరదంటే కుదరదన్న మనిషి!

శుక్రవారం ఆ సిమెంటు జాగామీదే రెండు పెయింటు డబ్బాలు పెట్టి, దుప్పటి పరిచి సింహాసనం చేశారు. తెల్లపట్టులో రాజన్న నడిచొచ్చి రాముడి పక్కన కూర్చున్నాడు. కాపలాదారు ముసలాయన లేచి, వాళ్ల ఇళ్లల్లో అతిథుల మీద చిలకరించినట్టే, ఇద్దరి మీదా పన్నీరు చిలకరించి నావైపు తిరిగి "సీతా ఘర్ ఆయా!" అని అరిచాడు. నేను ఏడ్చేశాను. అదివరకెన్నడూ ఆటకి రాని నాన్న ఆరోజు వచ్చి, నా పక్కన, ఆ పెట్టెలమీదే, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

శనివారం మధ్యాహ్నానికి రాజన్న మిగిలిన టైల్స్ పరిచేశాడు. చివరికి నిజంగానే ఒకటి తక్కువైంది. ఎంత వెతికినా దొరక్క, సింహాసనం పెట్టినచోట ఒక తెల్ల టైలు వేసి సరిపెట్టాడు. ఆ సాయంత్రం నాన్న టిఫిను సంచి ఖాళీ చేస్తూ అమ్మ "ఇదేంటండీ!" అని కేకేసింది. బూడిదరంగు, నల్ల చుక్కలు.

"తక్కువని చెప్పాక ఒకటైనా తక్కువ పడాలి కదే" అన్నాడు నాన్న.

రాజన్న సొహార్‌కి వెళ్లాడు, మళ్లీ కనపడలేదు. నాన్న పోయి చాన్నాళ్లయింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి.

మొన్నామధ్య మస్కట్ వెళ్లినప్పుడు పనిగట్టుకుని హమ్రియా వెళ్లాను. ఆ బిల్డింగులో కింద ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. తెల్ల టైలు కోసం హాలంతా తలొంచుకుని వెతుకుతుంటే, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు షాపు కుర్రాడు. పాత నేలంతా ఎప్పుడో తవ్వి పారేశారట. ఈ చివర్నుంచి ఆ చివరికి అద్దంలాంటి కొత్త రాయి.

రాజన్న పరిచిన ఆ నేలలో ఇప్పుడు మిగిలింది, పరచకుండా పోయిన ఆ ఒక్కటే. ఇందాకే దానిమీద అన్నం దించాను.