ఉపవాసం రోజు మాత్రలు

అమ్మ కడుపులో ఉన్నది మామూలుగా పిల్లుల కడుపులో బతికే సూక్ష్మజీవి అనీ, మనుషులకు చాలా అరుదుగా సోకుతుందనీ డాక్టరు చెప్పాడు. పద్నాలుగు రోజులు పొద్దునా సాయంత్రమూ తిన్నాక మూడు రకాల మాత్రలు వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు అన్నాడు.

మేముండే ఖిదిర్‌పూర్‌లో మా తెలుగు చర్చివాళ్లు ఎవరికి జబ్బు చేసినా శుక్రవారం ఉపవాస ప్రార్థన పెడతారు. అమ్మ కోసం ఆ పద్నాలుగు రోజుల్లో వచ్చిన రెండు శుక్రవారాలూ పెట్టారు.

మందులు అయిపోయిన నెలకు మళ్లీ పరీక్ష చేయిస్తే ఆ క్రిమి అలాగే ఉంది. ఒక్క పూటా మానలేదని డాక్టరుతో వాదించి ఇంటికొచ్చాను. అమ్మ బైబిలు సంచిలో నాలుగు పూటల మాత్రలు దొరికాయి.

"ఇయ్యేటమ్మా?" అన్నాను.

"తినకుండా ఏసుకోకూడదని నువ్వే కదా సెప్పినావు. నా కోసం అంతమంది పస్తుంటే నానెలాగ తింతాను?"

"దేవుడేటి, మాత్రలు వద్దన్నాడా?" అని అరిచాను. అమ్మ పొట్ట పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు ఇంకా ఘాటైన మందులు రాశారు. అవి వేసుకున్న ప్రతిసారీ అమ్మ వాంతి చేసుకుంటోంది. నేను వీపు రాస్తూ కూర్చుంటున్నాను.

ఆ ప్రార్థన పెట్టమని పాస్టరుగారిని అడిగింది నేనే. ఆ రెండు శుక్రవారాలూ ఆఫీసు క్యాంటీన్‌లో చేపల కూరతో కడుపునిండా అన్నం తిన్నదీ నేనే.