ఊక పేరుతో వచ్చిన బొగ్గు

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు వరంగల్. పర్యావరణ అనుమతులు, ఫ్యాక్టరీల తనిఖీలు చూసే శాఖలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరుగా, అంటే ప్రాంతీయ కార్యాలయానికి పెద్దగా, ఒక ఏప్రిల్ నెలలో హనుమకొండలో చేరాను. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. చేరిన వారంలోనే నా బల్ల మీదికి వచ్చిన ఫైలు గురించి ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, కంపెనీ పేరు రాయను. కంపెనీ మీద గౌరవం ఉండి కాదు. ఊళ్లో కొందరి మీద కేసులు ఇంకా నడుస్తున్నాయి, నా రాతవల్ల వాళ్లకు కొత్త తలనొప్పి రాకూడదు.

నర్సంపేట వైపు ఉన్న ఆ ఊళ్లో కంపెనీకి అప్పటికే ఒక చిన్న విద్యుత్ కేంద్రం ఉంది. వడ్ల ఊక, పత్తికట్టె కాల్చి కరెంటు తీస్తామని అనుమతి తెచ్చుకున్నారు. పొలంలో మిగిలిపోయేదాన్నే కాలుస్తారు కాబట్టి వాతావరణానికి మేలని అలాంటి కేంద్రాలకు ప్రభుత్వం రాయితీలిస్తుంది. ఆలోచన మంచిదే, నేనూ కాదనను. చిక్కంతా ‘సహాయక ఇంధనం’ అనే రెండు మాటల్లో ఉంది. ఊక దొరకని రోజుల్లో బాయిలరు ఆరిపోకుండా కొద్దిగా బొగ్గు వాడుకోవచ్చని నిబంధన. ఆ సందులోంచి బొగ్గు లారీలు బారులుగా దూరాయి. ఊరి నడుమ నుంచి పోయే ఆ లారీల్లో ఏముందో ఊళ్లో అందరికీ తెలుసు. ఇప్పుడు కేంద్రాన్ని నాలుగింతలు చేస్తామని దరఖాస్తు పెట్టారు. దాని అట్ట మీద పచ్చటి ఆకు బొమ్మ వేశారు.

దరఖాస్తు చదివి ఊరుకోవడం నాకు చేతకాదు. స్థలం చూడటానికి వెళ్లాను. ఫ్యాక్టరీ గోడ పక్కనే సమ్మక్క అనే రైతు మిర్చి ఆరబెట్టిన కల్లం ఉంది. ఆమె, ఆమె భర్త ఆ రెండెకరాల మీదే బతుకుతున్నారు. నన్ను చూసి ఆమె దోసెడు కాయలు తీసి చీర కొంగుతో తుడిచింది. కొంగు నల్లబడింది.

“సూడు మేడం, ఎర్రగుండాల్సింది ఎట్లున్నదో. మార్కెట్ల సేటు ఒక్క కాయ ఇరిసి సూత్తడు, పక్క కుప్పల పడేత్తడు. బూడిద నాది కాదంటే ఇంటడా?” అంది.

చిన్న కేంద్రానికే ఇలా ఉంటే నాలుగింతలయ్యాక ఆ కల్లం సంగతి ఏమిటో చెప్పడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు.

ఇంత పెద్ద విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. ఆ పద్ధతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ప్రాజెక్టు ఉన్న చోటే సభ పెట్టాలి. కలెక్టరు గాని అదనపు కలెక్టరు గాని అధ్యక్షత వహిస్తారు, ఏర్పాట్లు మా శాఖవి. నెల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. అంతా వీడియో తీసి, ఎవరేమన్నారో రాసి, అక్కడికక్కడే తెలుగులో చదివి వినిపించి సంతకాలు చేయాలి. ఆ సభ అనుమతి ఇవ్వదు, ఆపదు కూడా. కాని అక్కడ వచ్చిన ప్రతి అభ్యంతరానికీ పైనున్న నిపుణుల కమిటీ ముందు కంపెనీ జవాబు చెప్పాలి. తన ఇంటి పక్కన ఏం కట్టబోతున్నారో దాని గురించి మామూలు మనిషి ప్రభుత్వం ముందు నోరు విప్పడానికి ఉన్న చోటు అదొక్కటే.

అదే నిబంధనల్లో ఇంకో వాక్యం ఉంది. పత్రికలు అందని చోట డప్పు చాటింపుతో కబురు చేయాలని. మా శాఖలో ఆ వాక్యం చదివి ముసిముసిగా నవ్వి పేజీ తిప్పేయడం అలవాటు.

కంపెనీ లైజన్ మేనేజరు, అంటే ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చక్కబెట్టే ఆయన, ముందే అంతా సిద్ధం చేసుకుని వచ్చాడు. మర్యాదస్తుడే. సభ తమ గెస్ట్ హౌస్ లాన్‌లో పెడదామని, టెంటు, కూలర్లు, భోజనాలు అన్నీ తామే చూసుకుంటామని, నేను వచ్చి కూర్చుంటే చాలని చెప్పాడు. ప్రకటన అప్పటికే రెండు పేపర్లలో పడింది. హనుమకొండలో ఏ టీ కొట్టులోనూ నేను ఆ పేపర్లు చూడలేదు. సభను ఊరి బడి ఆవరణకు మార్చాను. ఊళ్లో చాటింపు వేయించమని తహసీల్దారుకు రాశాను.

“మేడం, ఈ రోజుల్లో డప్పేంది? వాట్సాప్ గ్రూపుల పెట్టినం గదా” అని లైజన్ మేనేజరు నవ్వాడు. ఆ గ్రూపులో ఉన్నదంతా కంపెనీ కాంట్రాక్టర్లే. మర్నాడు హైదరాబాద్ నుంచి మా పై అధికారి ఫోన్ చేసి ఈ కొత్త ఆచారాలు ఎందుకని విసుక్కున్నారు. కొత్తది కాదు సార్, రూల్లోనే ఉంది, తీసేయమని రాతపూర్వకంగా ఇవ్వండి అన్నాను. ఫోన్ పెట్టేశారు. రాతపూర్వకంగా ఏమీ రాలేదు.

ఊరి కావలికారు కొమురయ్య. పంచాయతీ కబుర్లన్నీ డప్పు కొట్టి చాటేది ఆయనే. నేను ‘విస్తరణ ప్రాజెక్టు’ అని రాసి పంపితే ఆయన వాడవాడకూ తిరిగి తన మాటల్లో చాటాడు. “ఇనుండ్రి! పొగ కంపిని పెద్దగ జేత్తరట! బడి కాడ సర్కారు మీటింగున్నది. ఇష్టమున్నోళ్లు, ఇష్టం లేనోళ్లు అందరు వచ్చి మాట్లాడాలె!” పొగ కంపెనీ అనడం పక్షపాతమని లైజన్ మేనేజరు నాకు ఫిర్యాదు చేశాడు. ఊరు దాన్ని ఏ పేరుతో పిలిస్తే కావలికారు ఆ పేరే చెబుతాడని జవాబిచ్చాను.

సభకు రెండు రోజుల ముందు వాళ్లు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. మైకు కట్టిన ఆటో ఒకటి ఆ చుట్టుపక్కల తిరిగింది. అనివార్య కారణాల వల్ల సభ వాయిదా పడింది, ఎవరూ రానక్కర్లేదు అని రికార్డు వేశారు. ప్రభుత్వ సభను వాయిదా వేసే అధికారం ఒక ప్రైవేటు కంపెనీ తన చేతుల్లోకి తీసుకుంది, అదీ గంటకింతని మాట్లాడుకున్న ఆటోలో!

కాని వాళ్లకు ఊరు తెలియదు. అక్కడ మైకు ఆటో అంటే పాత ఇనుము కొనేవాళ్లది, దుప్పట్లు అమ్మేవాళ్లది, ఎన్నికలప్పుడు పార్టీలది. సర్కారు కబురు మాత్రం కొమురయ్య డప్పు మీదే రావాలి. ఆడవాళ్లు ఆటోను ఆపి ఎవరు పంపారని అడిగితే, “నాకేం ఎర్క అక్కా, కంపిని సారు తిప్పుమన్నడు, తిప్పుతాన్న” అన్నాడట డ్రైవరు. వాళ్లు నేరుగా కొమురయ్య ఇంటికి పోయారు. “నువ్వు సాటలేదు గదా, మల్ల వాయిదా ఎట్లయితది?” అని అడిగారు. ఆయన తాను చాటలేదు కాబట్టి వాయిదా లేదన్నాడు. పైగా చాటింపు చేరని పక్క ఊళ్లకూ తండాలకూ ఆ ఆటో వెళ్లింది. అసలు సభ ఒకటుందని వాళ్లకు తెలిసిందే దానివల్ల, వాయిదా నిజమేనా అని వాళ్లూ కొమురయ్యనే అడిగారు. కంపెనీ తన ఖర్చుతో నా పని పూర్తి చేసిపెట్టింది.

సభ రోజున బడి ఆవరణ నిండిపోయింది. ముందు కుర్చీల్లో మాత్రం ఒకే రంగు టోపీలు పెట్టుకున్న వాళ్లు కూర్చున్నారు. మాట్లాడటానికి టోకెన్లట, అవన్నీ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మొదట కంపెనీ నిపుణుడు తెర మీద బొమ్మలు చూపించాడు. మంచుకొండలు కరుగుతున్నాయి, భూమి వేడెక్కుతోంది, మా కేంద్రం భూమిని కాపాడుతుంది అన్నాడు. తరువాత టోపీల వాళ్లు ఒకరి తరువాత ఒకరు లేచి ఒకే వాక్యాన్ని అప్పజెప్పారు. ఎండ ముదురుతోంది. మిర్చి రైతులు, తండాల వాళ్లు కింద కూర్చుని చూస్తున్నారు. నేను లేచి, టోకెన్లనేవి నిబంధనల్లో లేవని అధ్యక్ష స్థానంలో ఉన్న అదనపు కలెక్టరుకు చెప్పాను. ఆయన కొత్తగా వచ్చిన యువ అధికారి. నిబంధనల పుస్తకం తీసుకుని చదివి, టోకెన్లు పక్కన పెట్టించాడు. ఆ మాత్రం ధైర్యం చాలామంది సీనియర్లకు ఉండదు.

సమ్మక్క మైకు దగ్గరికి వచ్చింది.

“నాకు మంచుకొండలు తెల్వయి సారు. ఎండలు ముదిరినయి, వానలు ఎనుకముందైనయి, గది నాకెర్కే. పోయినేడు పూతంత రాలిపోయింది. దానికి మందని జెప్పి మా నెత్తిన బొగ్గు పోత్తమంటే ఎట్ల? ఊక కాలుత్తమంటాండ్రు గదా, మంచిది. బొగ్గు లారీ ఒక్కటి గూడ రాదని గీడనే సర్కారు ముంగట రాసియ్యుండ్రి. గంతే, నేను పోయి కూసుంట.”

నిపుణుడు సాంకేతిక సాధ్యాసాధ్యాలంటూ ఏదో మొదలుపెట్టాడు. రాసిస్తారా లేదా అని అదనపు కలెక్టరు మళ్లీ అడిగాడు. కంపెనీ వాళ్లలో ఎవరూ రాసివ్వలేదు. ఆ తరువాత సాయంత్రం దాకా లేచిన ప్రతి మనిషీ అడిగింది అదే. చివర్లో సభా వివరాలు చదివి వినిపించినప్పుడు, ‘స్థానికులు ఉపాధి కోరారు’ అన్న చోట జనం గట్టిగా అరిచారు. తాము కోరింది బొగ్గు వద్దనేనని దిద్దించి మరీ సంతకాలు చేయించారు. నా సర్వీసులో అంత శుభ్రంగా జరిగిన సభ ఇంకోటి లేదు.

నిపుణుల కమిటీ సమ్మక్క అడిగిందే కంపెనీని అడిగింది. కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఊళ్లో మిఠాయిలు పంచుకున్నారని విన్నాను. నేనూ సంతోషించాను.

మరుసటి ఏడాది, వాతావరణ విధానం ముసాయిదా మీద సంప్రదింపులకు రమ్మని హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది. ముసాయిదా అంటే ఇంకా ఖరారు కాని చిత్తుప్రతి. సభ జరిగింది పెద్ద హోటల్లో. ఖర్చు పరిశ్రమల సంఘానిది. చేతికిచ్చిన సంచీ మీద అదే పచ్చటి ఆకు ఉంది. ముసాయిదా రాసిన కమిటీ సభ్యులను వేదిక మీదికి పిలిచారు. వాళ్లలో మన లైజన్ మేనేజరు ఉన్నాడు. రైతు ఒక్కరూ లేరు. బొగ్గు పొగ పీల్చే ఊరి వాళ్లు ఒక్కరూ లేరు.

వ్యవసాయ వ్యర్థాలతో నడిచే కేంద్రాలను ‘వాతావరణ హిత’ వర్గంలో పెట్టారు. సహాయక ఇంధనానికి ఉన్న పరిమితిని ‘అవసరం మేరకు’ అని మార్చారు. ఆ వర్గానికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నారు, ఆలస్యం వల్ల భూతాపంపై పోరాటం కుంటుపడుతుందట! ఊరు సాయంత్రం దాకా ఎండలో కూర్చుని అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే, ప్రశ్న అడిగే చోటునే ఎత్తేయడం వాళ్లకు సులువైంది. భూమిని కాపాడే విధానం పేరుతోనే ఆ పని చేశారు. నేను లేచి, ఇది ఒక ఊరు వద్దన్నదాన్ని దొడ్డిదారిన తేవడమేనని మైకులో చెప్పాను. నా సూచన నమోదు చేసుకున్నామన్నారు. తరువాత భోజనాలకు లేచారు.

సామాన్యుల అభ్యంతరాలకు గడువు ఇచ్చారు. ఎక్కడ? ఇంగ్లీషులో ఉన్న ఒక వెబ్‌సైటులో. ఏ ఊళ్లోనూ డప్పు మోగలేదు. ఆ ముసాయిదా అలాగే విధానమైంది. పాత దరఖాస్తు కొత్త అట్ట వేసుకుని వచ్చింది, సభ లేకుండానే అనుమతి తెచ్చుకుంది. చిమ్నీ లేచింది. ఊరి వాళ్లు లారీలకు అడ్డం నిలబడితే వాళ్ల మీద కేసులు పెట్టారు.

నేను రిటైరయ్యే ముందు సమ్మక్క ఆఫీసుకు వచ్చింది. మిర్చి మానేసి కల్లం జాగాను బీడు పెట్టామంది. మళ్లీ మీటింగు ఎప్పుడని అడిగింది. ఇక ఉండదని, రూలు మారిందని చెప్పాను.

“గదేంది మేడం? మేం వద్దంటిమి గదా. సర్కారు రాసుకున్నది గదా. మమ్ముల అడగకుంట ఎట్ల మార్చిండ్రు?”

మారుస్తున్నామని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన వాళ్లలో మా శాఖా ఉంది. అంతే చెప్పాను.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. అనుమతి దరఖాస్తు ఊరికి చేరేసరికే సగం నిర్ణయం అయిపోయి ఉంటుంది. అసలు పని ముసాయిదా రాసే గదిలో జరుగుతుంది, కంపెనీ ఆ గదిలో ముందే కుర్చీ వేసుకుంటుంది. కబురు అక్కడి నుంచే ఊళ్లకు పోవాలి. రిటైరయ్యాక నేను అలాంటి ముసాయిదాలు వెతికి చదువుతున్నాను, సారాంశం తెలుగులో అర పేజీ రాసి ఫోన్‌లో సమ్మక్కకు చదువుతున్నాను. ఆమె ఇప్పుడు వార్డు మెంబరు. సహాయక ఇంధనం మీద పోయిన వారం ఇంకో సవరణ పెట్టారు. కొమురయ్య నిన్న పొద్దున ఊళ్లో చాటాడు. అభ్యంతరాలకు గడువు నెలాఖరు దాకా ఉంది.