వెనక్కి తిప్పిన కుర్చీలు

రాజకుమారి విజయనగరంలో ఆటల టీచరు. ముప్పై ఏళ్లలో ఆమె నడిపిన కబడ్డీ పోటీ ఏదీ నలభై ఐదు నిమిషాలు దాటలేదు. ఇరవై, మధ్యలో ఐదు, మళ్లీ ఇరవై. ఈల వేస్తే మొదలు. ఈల వేస్తే ఆఖరు. లోకంలో పనులన్నీ ఇలాగే జరుగుతాయని ఆమె నలభై మూడో ఏట దాకా నమ్మింది. ఆ ఏడు ఆమెను ఊరి సాంస్కృతిక సాయంత్రం కమిటీలో వేశారు.

డిసెంబరు రెండో శనివారం ఊళ్లో ఒక సాయంత్రం జరుగుతుంది. పాట, నాట్యం, వీణ, జానపదం. టికెట్టు లేదు, పాసు లేదు. ఎవరైనా రావచ్చు, ఎక్కడైనా కూర్చోవచ్చు. ఊరివాళ్లు కొందరు కలిసి పెట్టుకున్న కమిటీ దాన్ని నడుపుతుంది. అధ్యక్షుడు మురళీమోహన్‌కు రైస్ మిల్లు ఉంది. మంచివాడు. మైకు చేతికి వస్తే మాత్రం మరొకరికి ఇవ్వడు.

రాజకుమారికి అప్పగించిన పని ఒకటే. ఏటేటా కార్యక్రమాన్ని మెరుగుపరచడం. మినిట్స్ పుస్తకంలో ఆ మాట అలాగే రాశారు.

మొదటి ఏడు ఆమె స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంది. సాయంత్రం మొత్తం మూడున్నర గంటలు. అందులో ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు రెండు గంటల పదకొండు నిమిషాలు. ఆ లెక్క కమిటీలో చదివింది. అందరూ శ్రద్ధగా విన్నారు.

“ఎంత బాగా రాసేవమ్మా!” అన్నాడు మురళీమోహన్. “ఇంత కష్టపడి ఎవులు సేత్తారు?”

మరుసటి ఏడు వేదిక మీదకు పిలిచి ఆమెకు కూడా శాలువా కప్పారు. దానికి ఏడు నిమిషాలు పట్టింది.

తర్వాత ఆమె ఇంకో ఉపాయం చెప్పింది. ఒక్క వేదిక ఉండబట్టే అందరూ దాని మీదకు ఎక్కుతున్నారు. ఊరంతా పంచేద్దాం. ఏడు చోట్ల, ఏడు చిన్న కార్యక్రమాలు. జనం నడుచుకుంటూ ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తారు. కమిటీ వెంటనే ఒప్పుకుంది. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నారో ఆమెకు ఆ రోజు అర్థం కాలేదు. శనివారం వచ్చేసరికి ఏడు చోట్ల ఏడు వేదికలు లేచాయి. ఏడు వేదికలకు ఏడుగురు ముఖ్య అతిథులు. వాళ్ల పక్కన విశిష్ట అతిథులు, గౌరవ అతిథులు, ఆత్మీయ అతిథులు. మార్కెట్టు దగ్గర వీణ వాయించవలసిన ఆవిడ నాలుగుసార్లు శ్రుతి చేసుకుని, నాలుగోసారి వీణకు గుడ్డ కప్పి ఇంటికి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ ఒక్క వేదికే.

ఇంకో ఏడాది ఆమె సమయపాలన పట్టుకుంది. కార్డు మీద ఐదున్నర అని వేయించి, సరిగ్గా ఐదున్నరకు మొదలుపెట్టింది. కుర్చీల అద్దె వ్యాపారి శివాజీ, వేరుశనక్కాయల బండివాడు, పిల్లల్ని నాట్యానికి తెచ్చిన తల్లులు. వీళ్లే ప్రేక్షకులు. ఏడున్నరకు ఊరు వచ్చింది. అప్పటికి నాట్యం అయిపోయింది.

“కార్డు మీద ఐదున్నరని రాసినంత మాత్రాన ఐదున్నరకే మొదలెట్టీడమేటి?” అని ఒకావిడ ఆమెను గేటు దగ్గర నిలదీసింది. “మావేటి పనీ పాటా లేనోళ్లమా?”

రాజకుమారి ఇంటికి వెళ్లి అన్నం తినకుండా పడుకుంది. భర్త జగన్నాధం గుమ్మంలో నిలబడి, “మానీరాదేటి?” అన్నాడు. ఆమె మానలేదు. ఎందుకు మానలేదో అడిగితే చెప్పలేదు. పోటీ మధ్యలో రిఫరీ వెళ్లిపోకూడదని ఆమెకు తెలుసు. అంతే కావచ్చు.

కూర్మయ్య జట్టు వచ్చింది ఆ తర్వాత.

కూర్మయ్యది పొందూరు వైపు ఊరు. అరవై ఎనిమిదేళ్లు. తప్పెటగుళ్ల జట్టుకు పెద్ద. జట్టులో పదహారుగురు. గుళ్లు అనే గుండ్రటి రేకు వాద్యాలు గుండె మీద కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, అరచేతులతో రేకు మీద కొడుతూ, గుండ్రంగా తిరుగుతూ పాడతారు. వాన కోసం పాడే గంగమ్మ కథ వాళ్లకు వచ్చు. పూర్తిగా ఆడితే గంట పైన పడుతుంది. రాజకుమారి దాన్ని వాళ్ల ఊరి కళ్లంలో చూసింది. పట్నంలో కూడా పూర్తిగా ఆడించాలని ఆ రోజే అనుకుంది. కూర్మయ్యకు మాట ఇచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు అతిథుల ముందు నడిచి వాళ్లను వేదిక దాకా తీసుకురమ్మన్నారు. అదే వాళ్ల కార్యక్రమం. రెండోసారి పది నిమిషాలు ఇచ్చారు. కథలో గంగమ్మ ఇంకా ఇల్లు కదలలేదు. మూడోసారి, అంటే కిందటేడు, ప్రసంగాలు సాగి సాగి, మైకు కట్టేసే వేళ అయిపోయింది. వాళ్లు అసలు ఆడలేదు.

ఆ జట్టుకు ఒక ఆచారం ఉంది. గుండె మీద గుళ్లు కట్టి, గంగమ్మకు దండం పెట్టాక, ఆడకుండా విప్పకూడదు. కిందటేడు పదహారుగురూ కట్టిన గుళ్లతోనే బస్టాండుకు నడిచారు. శ్రీకాకుళం బస్సు ఆగే చోట నాలుగు చరణాలు పాడి, ఆడి, అప్పుడు విప్పుకుని బస్సెక్కారు. ఆ సంగతి రాజకుమారికి రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఈ ఏడు పిలవడానికి ఆమె స్వయంగా వాళ్ల ఊరు వెళ్లింది. కూర్మయ్య మోకాళ్లకు ఆకు కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“ఆరుగురు భోగాపురం ఎయిర్‌పోర్టు పన్లోకి ఎల్తన్నారమ్మా. ఒక పూట మానితే కూలి పోతాది. నా మోకాళ్లు సూడు. నీ మాట మీద మూడేళ్లు వచ్చినాం. ఈపాలి కూడా కథ నిండా ఆడకపోతే జట్టు తీసీత్తాం. గుళ్లు అటకెక్కించీత్తాం.”

“ఈసారి గంటసేపూ మీదే, మావా.”

“కిందటేడూ అలాగే సెప్పినావు.”



ఊరికి వచ్చి ఆమె లెక్క కట్టింది. పన్నెండేళ్లలో ఏ ముఖ్య అతిథీ గంటన్నర కంటే తక్కువ ఆలస్యంగా రాలేదు. ఆరున్నరకు రమ్మంటే ఎనిమిదికి వస్తారు. కార్డు మీద నాలుగున్నర అని వేస్తే జనం ఆరున్నరకల్లా కూర్చుంటారు. ఆ మధ్య గంటన్నర ఎవరిదీ కాదు. దాన్ని కూర్మయ్యకు ఇచ్చింది. కార్యక్రమ పత్రంలో రాసి, మురళీమోహన్ చేత సంతకం పెట్టించింది. ఆమె చేసిన ఏర్పాట్లలో ఇంత గట్టిది లేదు.

శనివారం ఆరుంబావుకు జట్టు గుళ్లు కట్టుకుంది. దండం పెట్టుకుంది.

ఆరు ఇరవై ఐదుకు ముఖ్య అతిథి వచ్చేశాడు.

ఆయనకు తొమ్మిదికి శ్రీకాకుళంలో పెళ్లి ఉంది. అందుకని ముందే వచ్చాడు. ఆయన వచ్చాడని తెలిసి మిగతా పద్దెనిమిది మంది అతిథులూ పరుగున వచ్చారు. పావు తక్కువ ఏడుకల్లా వేదిక మీద పందొమ్మిది కుర్చీలు నిండాయి. దీపం వెలిగించారు. రాజకుమారి వేదిక వెనక మెట్లెక్కి మురళీమోహన్ చెవి దగ్గర వంగింది.

“వాళ్లు గుళ్లు కట్టీసుకున్నారు బాబూ.”

“ఇప్పీమను. పావుగంటలో అయిపోద్ది.”

“ఇప్పకూడదు. మీకు తెలుసు కదా.”

“అయితే నిలబడమనమ్మా! పెద్దాయన ముందే వచ్చీసేరు. ఇలాటిది ఎప్పుడైనా జరిగినాదా? మనూరి అదృష్టం కాదేటి?” అని మైకు వైపు తిరిగాడు. “ఈనాటి సభను తమ విలువైన సమయంతో సుసంపన్నం చేయడానికి విచ్చేసిన…”

ఆమె మెట్లు దిగింది. కుర్చీల వరసల వెనక, నీళ్ల డ్రమ్ముల దగ్గర పదహారుగురు నిలబడి ఉన్నారు. కూర్మయ్య కూర్చోలేదు. కూర్చుంటే లేవలేడు. వెనక వరసల్లో జనం ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరో ఆవలించారు. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క శాలువా, ఒక్కొక్క ఫోటో. ఫోటోకు అందరూ లేచి నిలబడాలి. నిలబడ్డాక ఒకరు తగ్గారని తెలుస్తుంది. ఆయన్ని పిలవాలి. మళ్లీ ఫోటో.

ఏడూ నలభైకి పదకొండు ప్రసంగాలు అయ్యాయి.

“టీచరమ్మా, మావు ఎల్తాం” అన్నాడు కూర్మయ్య.

“ఎక్కడికి?”

“ఎక్కడికేటి? బస్టాండుకి. ఆడి ఇప్పుకుంటాం. మాకు అలవాటైపోనాది గదా.”

అతని గొంతులో కోపం లేదు. ఆమెకు అదే భరించరానిదిగా ఉంది. ఆమె వేదిక వైపు చూసింది. తర్వాత గేటు వైపు చూసింది. వెనక వరసకూ గేటుకూ మధ్య ఉత్త నేల. స్కూటర్లు కూడా లేవు. అతిథుల కార్లకు దారి కోసం వాటిని పోలీసులు బయటకు పంపేశారు.

“మావా, ఆడక తప్పదు కదా?”

“తప్పదు.”

“బస్టాండు పెద్దదా, ఇది పెద్దదా?”

కూర్మయ్య నేల చూశాడు. కాలితో ఒకసారి రుద్దాడు. “ఇదే పెద్దది. దుమ్ము లేస్తాది. మరి మైకో?”

“నీకెప్పుడు కావాలి మైకు?”

“నాకేటికి! నీకు మాటొస్తాదని అడుగుతన్నాను.”

“రానీ.”

రాజకుమారి బూటు మడమతో నేల మీద గీత గీసింది. ముప్పై ఏళ్లుగా కోర్టులు గీసిన కాలు. వెనక్కి నడుస్తూ, ఎక్కడా వంకర పోకుండా పెద్ద గుండ్రం గీసి, మొదలుపెట్టిన చోట కలిపింది. పదహారుగురు లోపలికి వెళ్లారు.

ముప్పై రెండు అరచేతులు ఒక్కసారి రేకు మీద పడ్డాయి.

వెనక వరసలో ముసలావిడ ఒకామె ఉలిక్కిపడి తిరిగి చూసింది. చూసి, లేచి, ప్లాస్టిక్ కుర్చీని రెండు చేతులా ఎత్తి అటు తిప్పుకుని కూర్చుంది. పక్కావిడ తిప్పింది. ఆ వరస తిరిగింది. దాని ముందు వరస తిరిగింది. శివాజీ పరుగెత్తుకొచ్చాడు.

“మేడమ్, లైన్లు పోతన్నాయి మేడమ్! పొద్దున్నుంచి తాడు పట్టి ఏసినాను!”

“పోనీరా.”

అతను తల పట్టుకున్నాడు. తర్వాత కథ కొంచెం చెవిన పడింది కాబోలు, ఒక కుర్చీ తిప్పుకుని తనూ కూర్చున్నాడు. ముందున్న సోఫాలు తిప్పడానికి బరువు. వాటిలోవాళ్లు లేచి వచ్చి నిలబడ్డారు. వేదిక మీద పద్నాలుగో వక్త కుర్చీల వీపులను చూస్తూ మాట్లాడుతున్నాడు.

“ప్రేక్షక మహాశయులు దయచేసి వేదిక వైపు తిరగాలి” అని మురళీమోహన్ మైకులో మూడుసార్లు అన్నాడు. మూడోసారి, “ఒరే, తిరగండ్రా!” అన్నాడు. ఎవరూ తిరగలేదు.

ముఖ్య అతిథి పెళ్లికి బయల్దేరాడు. ఆయన కారుకూ గేటుకూ మధ్య గుండ్రం ఉంది. డ్రైవరు హారన్ మీద చెయ్యి వేయబోతే ఆయన వద్దన్నాడు. కారుకు ఆనుకుని నిలబడ్డాడు. మెడలో నాలుగు శాలువాలు ఉన్నాయి.

గంగమ్మ ఇల్లు కదిలింది. అడవి దాటింది. కొండ ఎక్కింది. కూర్మయ్య మోకాళ్లు వంచవలసిన చోట వంచాడు. పాట ఎత్తవలసిన చోట ఎత్తాడు. దుమ్ము మనిషెత్తు లేచి, లైట్ల వెలుతురులో నిలిచింది. కథలో వాన పడేసరికి రాజకుమారి వాచీ చూసుకుంది. గంటా ఏడు నిమిషాలు.

ఆట ఆగాక కూర్మయ్య కింద కూర్చున్నాడు. ఇద్దరు అతని గుళ్లు విప్పారు. రేకు అంచులు ఒత్తుకుని గుండె మీద రెండు ఎర్రటి గుండ్రాలు పడి ఉన్నాయి. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. అతనికి దగ్గు వచ్చి మాట రాలేదు. రాజకుమారి నీళ్ల గ్లాసు ఇచ్చింది.

ఆదివారం సమీక్షా సమావేశం. ఆమె తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లింది. మురళీమోహన్ జీడిపప్పు తెప్పించాడు.

“అదిరిపోనాది! ఊరంతా అదే మాట. ముందు సభ, ఎనక ఆట. ఎవులికి తట్టినాది ఈ ఆలోచన?” అన్నాడు. “అందుకని వచ్చే ఏడు ఒక మెరుగుదల. ఎనక్కూడా వేదిక కడదాం. ఎత్తు మూడడుగులు సాలు. అతిథులు సగం మంది ముందు, సగం మంది ఎనక. కూర్మయ్యకి శాలువా. రాయమ్మా, మినిట్స్ రాయి.”

రాజకుమారి అతని ముఖం చూసింది. అతను సంతోషంగా, నిజాయితీగా చెబుతున్నాడు. మిగతావాళ్లు తలలు ఊపుతున్నారు. వెనక వేదికకు ముఖ్య అతిథి ఎవరన్న చర్చ అప్పుడే మొదలైంది. ఆమె కలం మూత పెట్టి వరండాలోకి వచ్చింది. కూర్మయ్యకు ఫోన్ చేసింది.

“మోకాళ్లెలా ఉన్నాయి, మావా?”

“వాచినాయి. బాగున్నాయి.”

“గుళ్లు అటకెక్కించీసేవా?”

“ఏటికి? భోగాపురం ఎల్లే ఆరుగురూ వచ్చే ఏటి సెలవు ఇప్పుడే అడిగీసేరు. నానే ఆగండ్రా అన్నాను.”

“నీకు వేదిక కడతారట.”



“వేదికొద్దు తల్లీ. సెక్క మీద కాలు జారిపోద్ది. నేల తడిపించు. దుమ్మంతా గొంతులోకి ఎల్లిపోనాది.”

ఆమె లోపలికి వచ్చింది. వెనక వేదిక ముఖ్య అతిథి దగ్గర ఇద్దరికి మాటామాటా పెరిగింది. ఆమె ఎవరి మాటా వినలేదు. మినిట్స్ పుస్తకం తెరిచి, మెరుగుదలలు అన్న చోట ఒక్క వాక్యం రాసింది. నీళ్ల ట్యాంకరు ఒకటి, సాయంత్రం నాలుగు గంటలకు, గేటు వైపు. కింద సంతకం పెట్టి, పుస్తకం మురళీమోహన్ ముందుకు తోసింది. అతను గొడవలో ఉండి, చదవకుండానే సంతకం పెట్టాడు.