పదమూడో నొక్కు

తిరుపతిలో నేను సంగీతం చెప్పే బడిలో, వేసవి సెలవుల తర్వాత పియానో మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. పురుగులకు భయపడి మేమే వేస్తాం. ఆ వాసన తగిలాక నేను వెంటనే కూర్చోలేను. చిత్తూరులో రూతమ్మ టీచరు ముందుగది వాసన అది.

డెబ్బైల చివర, ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె దగ్గర పియానో నేర్చుకోవడానికి చేరాను. మద్రాసు నుంచి వచ్చే పరీక్షాధికారి ముందు నెగ్గితే సంగీతం పంతులమ్మ ఉద్యోగం ఖాయం. నాయన పోయాక మా ఇంటికి వేరే ఆధారం లేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి సంగీతాన్నీ లెక్కగానే పట్టుకున్నాను. పరీక్ష పాఠంలో ఒక ట్రిల్ ఉండేది: పక్కపక్క మెట్లు రెండింటిని రెండు వేళ్ళతో మార్చి మార్చి, స్వరం వణికినట్టు వేగంగా నొక్కాలి. మొత్తం పన్నెండు నొక్కులు. వాయించినప్పుడల్లా ఒక చింతగింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వేసేదాన్ని. రోజుకు రెండు వందలు.

"గింజలెంచుకుంటా కూసుంటే చేతి యేళ్ళు కదుల్తాయా? వాటితో పులుసు కాస్తావా ఏంది?" అని టీచరు నవ్వేది. తన చేయి నా చేతిమీద ఆనించి నడిపించేది. ఎండాకాలంలోనూ ఆ చేయి చల్లగా ఉండేది.

నాలుగో నెలలో తేడా కనిపెట్టాను. పన్నెండూ అయ్యాక చేయి ఎత్తబోతే, ఉంగరపు వేలు ఇంకోసారి మెత్తగా దిగుతోంది. వందసార్లు వాయించి చూశాను. వందసార్లూ పదమూడే. ఒకరోజు అది విని, వంటింట్లోంచి టీచరు చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! సుగుణ వాయించినట్టే ఉండాదే!"

సుగుణ టీచరు కూతురు. నేను చేరడానికి ఆరేళ్ళ ముందు జ్వరంతో పోయింది. చివర్లో ఒక నొక్కు ఎక్కువ వేయడం ఆ పిల్లకు ఎంత చెప్పినా పోని తప్పట.

"టీచరమ్మా, పరీక్షలో ఇది తప్పు కదా?" అన్నాను.

"తప్పే."

"మరెందుకు నేర్పినారు?"

"నేను నేర్పింది పన్నెండే అమ్మీ. ఆ ఒక్కటీ యాడనుంచి వచ్చిందో నన్నడిగితే?"

ఆ తర్వాత ఆమె ఇంటికి వెళ్ళలేదు. మూడు వారాలు ఇంట్లో చెక్కమీద సుద్దతో మెట్లు గీసుకుని, వేలు ఆగేదాకా సాధన చేశాను. పరీక్షలో సరిగ్గా పన్నెండు వాయించాను. నెగ్గాను.

ఆ సాయంత్రం చెప్పడానికి వెళితే, టీచరు వాయించమంది. వాయించాను. పన్నెండో నొక్కు శబ్దం పూర్తిగా అణిగాక కూడా ఆమె పియానో వైపు చెవి ఒగ్గి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"మంచి పని చేసినావమ్మీ. నీ ఉద్యోగం నీకొచ్చింది. పోయిరా," అంది. "ఈ ఇంట్లో ఇంక ఎవురూ లేరు."

ఆమె చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

పాతికేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. పిల్లల ముందు నా చేయి లెక్క తప్పదు. వాళ్ళు వెళ్ళిపోయాక ఒక్కసారి వాయిస్తాను. పన్నెండు దాకా ఎంచి, వేళ్ళను వదిలేస్తాను. పదమూడోది పడుతుంది. దాన్ని ఏనాడూ నేను నొక్కలేదు.