అమ్మ పగటిపూట నిద్రపోయిన ఆదివారం

ఆషాఢంలో, బోనాల పండుగప్పుడు, మెట్టుగూడ సందుల్లో అమ్మే పచ్చి వేపమండల వాసన ముక్కుకు తగిలితే చాలు, మా పాత రైల్వే క్వార్టరూ, పసుపు పూసిన కొత్త కుండలూ, పొయ్యి మీద కుతకుతలాడే బెల్లమన్నమూ, వాకిట్లో మేమాడిన తొక్కుడుబిళ్ళా, వీటన్నిటి నడుమ గడప దగ్గర చెప్పులు వెతుక్కునే నాయనమ్మా కళ్ళముందుకొస్తాయి.

నాయనమ్మకు మతిమరుపు జబ్బు. తాత పోయి ఏళ్ళయినా, ఆయన డ్యూటీ దిగి స్టేషన్లో కూర్చున్నాడని టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేది. ఒకసారి పట్టాల దాకా వెళ్ళింది. అప్పట్నుంచి తలుపుకు తాళం, తాళంచెవి అమ్మ కొంగుకు. నాన్న ఉద్యోగం మీద ఊళ్ళు తిరిగేవాడు. అమ్మవారికి బోనం ఎత్తడం, బోయిగూడలో పుట్టింటికి పోవడం మాట అటుంచి, అమ్మకు కంటినిండా నిద్రే లేదు.

ఆ ఏడు ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పగా, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఆదివారాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఇలాంటి జబ్బు మనుషుల దగ్గర కాసేపు కూర్చుని, ఇంటివాళ్ళకు ఊపిరి తీసుకునే వీలివ్వడం వాళ్ళ పని. పొడుగ్గా ఉండేది స్వప్న. నవ్వితే కళ్ళు మూసుకుపోయేది రేష్మ. మొదటిరోజు నాయనమ్మ "ఎవరే మీరు? పోండ్రి!" అని గిన్నె విసిరింది. వాళ్ళు నొచ్చుకోలేదు. మళ్ళీ వారం వచ్చి, నేలమీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే, నాయనమ్మే వచ్చి పక్కన చతికిలబడింది.

బోనాల రోజు అమ్మ పట్టుచీర కట్టి, బోనం నెత్తికెత్తుకుందో లేదో, నాయనమ్మ డబ్బా అందుకుంది.

"ఏడికి అత్తమ్మా?" అంది అమ్మ.

"మీ మామ స్టేషన్ల ఆకలిమీదున్నడు."

స్వప్న అడ్డం నిలబడలేదు. "నేనూ వస్త నాయనమ్మా. గీ జుట్టుతోని ఎట్లొస్త? జెర జడెయ్యరాదు" అని ముందర కూర్చుంది.

నాయనమ్మ డబ్బా కింద పెట్టింది. కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని, చిక్కు తీసి, పాయలు విడదీసి, మా పేర్లు కూడా మరిచిపోయిన మనిషి ఎక్కడా తడబడకుండా జడ అల్లింది. పొమ్మన్నట్టు రేష్మ కళ్ళతో సైగ చేస్తే, డప్పుల మోతలో అమ్మ గుడిదారి పట్టింది, చీరకుచ్చిళ్ళు పట్టుకుని నేను.

మేం తిరిగొచ్చేసరికి రేష్మకు జడ పడుతోంది. స్టేషన్ మాటే లేదు. "ఇంకొంచెం సేపు ఉంటం అక్కా, మీరు జెర పండుకోండి" అంది స్వప్న. చీరైనా మార్చకుండా అమ్మ చాపమీద వాలింది. ఆ మరుక్షణమే కదలిక లేదు. పగటిపూట అమ్మ నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదు. భయమేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఇప్పుడు నాయనమ్మ లేదు. క్వార్టర్లు కూలగొట్టారు. ఆ అమ్మాయిలు చదువులు ముగించి ఎటు పోయారో తెలీదు. బేగంపేటలో మా ఫ్లాట్‌లో అన్నం వడ్డిస్తూ, ఉన్నట్టుండి గరిటె ఆపి అమ్మ అంటుంది: "ఆ పిల్లలు ఏడున్నరో బిడ్డా. సల్లగుండాలె."