సుకుమార్ ఒట్టు, కోమలి నాలుక

సుకుమార్ చేతిలో మందు కలిపే షేకర్ ఊగుతుంటే ఆ చిత్తూరు బారులో మాటలు కాసేపు ఆగిపోయేవి. ఐసుముక్కలు స్టీలు గోడలకు కొట్టుకునే చప్పుడు మొదట రేకుల కప్పు మీద వడగళ్ళలా ఉండేది. కరిగేకొద్దీ సన్నబడి, ఎక్కడో దూరంగా గొర్రెల మంద కదులుతున్నట్టు వినిపించేది. అతను తల ఒక పక్కకు వంచి ఆ సన్నబడే క్షణం కోసం వినేవాడు. అక్కడ ఆపి, వడకట్టి, గ్లాసులోకి వంచేవాడు. చూసేవాళ్ళకు అదొక విద్య. అతనికి మాత్రం ప్రతిసారీ భయం. ఎందుకంటే ఆ గ్లాసులో పడినదాని రుచి అతనికి తెలియదు.

మద్యం చుక్క నాలుక మీద పడనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. అదీ కాణిపాకంలో.

చిత్తూరు చుట్టుపక్కల ఎంత పెద్ద తగవైనా ఒక్క మాట దగ్గర ఆగుతుంది: “కాణిపాకం వస్తావా?” గట్టు జరిపినవాడు, తోడబుట్టినవాళ్ళ నగ దాచినవాడు ఆ మాట వినగానే నోరు మూస్తారు. తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి చెప్పిన మాట తప్పితే ఆ చెడు ఇంటి మీదికి వస్తుందని నమ్మకం. తాగుడు మాననివాళ్ళను పెళ్ళాలు అక్కడికే తీసుకుపోతారు. కోమలి కూడా మొగుణ్ణి అక్కడికే తీసుకుపోయింది.

అప్పటికి అతను బెంగళూరులో ఒక పెద్ద బారులో పనిచేసి, వాళ్ళు వెళ్ళగొడితే వడమాలపేటలో అత్తగారింట్లో ఉంటున్నాడు. షేకర్ అడుగున మిగిలిన గుక్కెడు పారబోయడం దేనికని మొదలైన అలవాటు, చివరికి షేకర్ అవసరమే లేని చోటికి తెచ్చింది. ఒక మధ్యాహ్నం కూతురు హేమశ్రీని బడి నుంచి తెస్తానని బండెక్కించుకుని, రోడ్డు పక్క కొట్టు ముందు దించి, మత్తులో ఆ సంగతే మరిచి ఒక్కడే ఇంటికొచ్చాడు. కొట్టాయన పాపకు బిస్కెట్టిచ్చి కూర్చోబెట్టాడు కాబట్టి సరిపోయింది. కోమలి ఏడవలేదు, తిట్టలేదు. మరునాడు అతన్ని బస్సెక్కించింది.

ఒట్టయితే పెట్టాడు కానీ వేరే పని చేతికి రాలేదు. ఆటో తోలాడు, ఫ్లెక్సీలు కట్టాడు. కట్టిన ఫ్లెక్సీ గాలికి ఊగుతుంటే చేతులు షేకర్ కోసం వెతుక్కునేవి. ఆఖరికి కాపురం చిత్తూరుకి మార్చి, అక్కడ మోహన్‌కృష్ణ బారులో చేరాడు. ఒట్టు సంగతి చెప్పలేదు. ఉప్పు చూడని వంటవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?

పాత రకాలన్నీ అతని చేతికి గుర్తే. కొత్తవి మాత్రం ఇంట్లో పుట్టేవి. ఆదివారం పూట హేమశ్రీ ట్యూషన్‌కి పోగానే వంటింటి తలుపు మూసి, సంచిలోంచి దగ్గుమందు సీసాలు తీసేవాడు. ఒక్కోదాంట్లో బారు నుంచి కలిపి తెచ్చిన ఒక్కో కలయిక. కోమలి చెంచా కొన ముంచి, నాలుకకు తాకించి, తొట్టిలో ఊసేసి, పుక్కిలించి, అప్పుడు చెప్పేది.

“ఇది పులుసులో బెల్లం ముందే వేసినట్టుండాది మామా. తీపి ఉరుకుతాంది, పులుపు ఎనకాల కుంటుకుంటా వస్తాంది.”

“మరి ఇది?”

“ఇది మా మేనత్త మాదిరి. వచ్చేటప్పుడు నవ్వతాది, పోయేటప్పుడు గీరేసి పోతాది.”

“మంచిదేనా?”

“ఎవురికి? గీరించుకునేవాళ్ళకు మంచిదే.”

ఆ ఎండాకాలం అలా ‘తోపు’ అనే కొత్త రకం పుట్టింది. తోతాపురి పచ్చికాయను నిప్పుల మీద కాల్చి, గుజ్జు తీసి, చిత్తూరు బెల్లం, గూడూరు నిమ్మ, తెల్ల రమ్ము కలిపి, గ్లాసు అంచుకు ఉప్పూకారం అద్దాడు. బండి మీద మామిడి ముక్కలకు చల్లుతారే, అదే ఉప్పూకారం. కోమలి మూడు ఆదివారాలు దాన్ని వెనక్కి పంపింది. నాలుగో ఆదివారం చెంచా కింద పెట్టి, “కుదిరింది. ఇంక ముట్టుకోవాకు,” అంది.

మోహన్‌కృష్ణ తిరుపతిలో మేడ మీద కొత్త బారు తెరవబోతున్నాడు. అక్కడి కౌంటరు సుకుమార్‌కి ఇవ్వాలని అతని ఆలోచన. సుకుమార్‌కి ఆ కౌంటరు మీద ఆశ జీతం కోసం కాదు. వడమాలపేట వాళ్ళు పనికీ పాటకీ వచ్చేది తిరుపతికే. తాను పడిపోయి ఉండగా చూసినవాళ్ళ ఎదుట, ఒక్కసారి నిటారుగా నిలబడాలి. ఆ కోరికను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆవిరైపోతుందేమోనని గుండెలో మూత పెట్టి ఉంచుకున్నాడు.

బారు తెరవని మధ్యాహ్నం పూట పరీక్ష పెట్టారు. కొత్త బారులో భాగస్తుడు నవీన్ వచ్చాడు. చిత్తూరు వాడే, బెంగళూరు బారుల్లో ఆరితేరినవాడు. మోహన్‌కృష్ణ అతని పక్కన కూర్చున్నాడు. వెయిటర్ బాలచంద్ర చేతిలో తువ్వాలుతో గోడకు ఆనుకున్నాడు.

సుకుమార్ తోపు కలిపి ముందు పెట్టాడు. నవీన్ దాన్ని ముట్టుకోలేదు.

“ఇంకో గ్లాసులో కూడా పొయ్యప్పా. మా బార్లలో ఒక పద్ధతుండాది. కలిపినోడు ముందు తాగాల. నువ్వు తాగినంక నేను.”

“అన్న డ్యూటీలో తాగడు సార్,” అన్నాడు బాలచంద్ర. “ఆయన వంతు కూడా మేమే చూసుకుంటాం.”

“నీ వంతే నువ్వు మోయలేక మొన్న మెట్ల మీద కూసున్నావు,” అన్నాడు మోహన్‌కృష్ణ. “తాగప్పా సుకుమారా. నేనే కదా చెప్తాండేది.” సుకుమార్ నింపిన రెండో గ్లాసును వేళ్ళతో ముందుకు తోశాడు.

గ్లాసు మీద చెమట పట్టింది. కాల్చిన మామిడి పొగ, బెల్లం, వాటి అడుగున రమ్ము. ఆ వాసన అతన్ని చిన్నప్పటి పేరుతో పిలిచినట్టు పిలిచింది. చెయ్యి దానంతటదే లేచింది. గ్లాసు గడ్డం దాకా వచ్చింది. కింది పెదవికి చల్లదనం తగలబోయి ఆగింది. గోడ గడియారం వినిపిస్తోంది. నాలుక కింద తడి ఊరుతోంది. ఒక్క గుక్క, తిరుపతి. ఒక్క గుక్క, మళ్ళీ ఆ కొట్టు ముందు ఒంటరిగా పాప.

గ్లాసు దించాడు.

“కాణిపాకంలో ప్రమాణం చేసినా సార్.”

మోహన్‌కృష్ణ తోసిన చెయ్యిని కాలినట్టు వెనక్కి లాక్కుని, ఆ చేత్తోనే లెంపలు వేసుకున్నాడు. నవీన్ చూపు దించుకున్నాడు. బెంగళూరు ఎంత నేర్పినా, ఈ నేలలో పుట్టినవాడు ఆ మాట మీద ఇంకో మాట అనడు. ఇక గుక్క తాగమని ఎవరూ అనలేదు. అంతటితో పోతే బాగుండేది.

“ఎప్పటినుంచి?” అని అడిగాడు మోహన్‌కృష్ణ నెమ్మదిగా.

“మీకాడ చేరకముందు నుంచే.”

“అయితే ఇన్నాళ్ళూ నువ్వు కనిపెట్టిన రకాలు? ఎవురు చూసినారు రుచి?”

సుకుమార్ నోటి దాకా ఒక పేరు వచ్చింది. మొగుడితో కలిసి వచ్చి ఒక గ్లాసు తాగిపోయిన ఆడమనిషి గురించి, ఆమె కారు కదలకముందే ఈ బల్లల దగ్గర మగవాళ్ళు ఎట్లా మాట్లాడుకుంటారో అతను చాలాసార్లు విన్నాడు. ఆ నోళ్ళలో కోమలి పేరు.

“ఎవురూ లేదు సార్. వాసన పట్టే.”

నవీన్ గ్లాసు పక్కకు జరిపాడు. “కండ్లు మూసుకోని బస్సు తోలినావు. బాగానే తోలినావులే. కానీ తిరుపతి బస్సు నీ చేతికియ్యలేనప్పా.”

ఇంటికి పోయేసరికి కోమలి సంగటి కెలుకుతోంది. గ్లాసు గడ్డం దాకా ఎత్తిన సంగతి ఒక్కటి దాచి, మిగతా అంతా చెప్పాడు. ఆమె తెడ్డు ఆపకుండా విన్నది. ఒక్కచోట ఆపింది.

“ఎవురూ లేదన్నావా?”

“నీ పేరు ఆ మగోళ్ళ నోట్లో పడకూడదనే మే.”

“నీ ఒట్టు నలుగుర్లో చెప్పుకుంటివి. వాళ్ళు లెంపలేసుకుంటిరి. ఆ ఒట్టు నిలబడింది దేని మీద మామా? నా నాలిక మీద కాదా? దానికేమో ఎవురూ లేదంటివి.”

“కోపం తగ్గినంక మాట్లాడతాం.”

“కోపం తగ్గితే నేను మాట్లాడను,” అంది. పొయ్యి కట్టేసి, అతని జేబులోంచి ఫోను తీసి మోహన్‌కృష్ణకు చేసింది.

“అన్నా, నేను సుకుమార్ ఇంటామెను, కోమలిని. మధ్యాన్నం ఆయన అబద్ధం చెప్పినాడు. రుచి చూసింది నేను. అన్నీ. తోపు కూడా.”

అవతల టీవీ చప్పుడు ఆగింది. “నువ్వు తాగతావామ్మా?”

“తాగను. చూస్తాను. కూరలో ఉప్పు చూసినట్టు.”

“రేప్పొద్దున ఇద్దురూ రాండి, నవీన్ ఉంటాడు. ఒకటి చెప్తామ్మా, ఊర్లో నలుగురూ నాలుగంటారు.”

“ఈయన రోడ్డు మీద పడుంటే అనలేదా అన్నా. అప్పుడు అన్నోళ్ళే కదా.”

పొద్దున బారులో కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. ఫినాయిల్ వాసన ఇంకా ఆరలేదు. బాలచంద్ర ఆమెకు ఒక కుర్చీ దించి, తువ్వాలుతో రెండుసార్లు తుడిచాడు.

“కూసో అక్కా. నిన్న మా అన్న గ్లాసు గడ్డం దాకా ఎత్తి దించినాడు సూడు, మేము ఊపిరి కూడా పీల్చలా.”

కోమలి మొగుడి వైపు చూసింది. కూర్చోలేదు.

సుకుమార్ చేతులు ఎన్నడూ లేనంతగా వణికాయి. ఐసు చప్పుడు ఈసారి చెవికి ఎక్కలేదు. ఎక్కడ ఆపాలో తెలియక ఎక్కడో ఆపాడు. ఒక గ్లాసు ఆమె ముందు, ఒకటి నవీన్ ముందు పెట్టాడు. చెంచా లేదు. అడగడానికి ఆమెకు తోచలేదు. గ్లాసెత్తి పెదవి తడిపి, నోట్లోకి తీసుకుంది. ఊసేయడానికి చోటు కోసం చూసింది. ఎదురుగా ముగ్గురు మగవాళ్ళు కళ్ళార్పకుండా నిలబడి ఉన్నారు. తొట్టి వాళ్ళ వెనక, కౌంటరు అవతల ఉంది.

ఆమె గొంతు కదిలింది. మింగింది.

గొంతులోంచి దిగే ఆ సన్నటి మంట, దాని వెనక వచ్చే వెచ్చటి చీకటి, ఆ దారి మలుపు మలుపూ సుకుమార్‌కి తెలుసు. తన వాకిలికి గడియ పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఆమెను బయట కాపలా నిలబెట్టాడు. తిరుపతి మనసులోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. ఆమె వేళ్ళనే చూస్తున్నాడు.

“ఎట్లుండాది అక్కా?” అన్నాడు నవీన్.

“బాగుండాది. మా ఇంట్లో ఇంకా బాగుండింది. ఇది చెయ్యి వణికి చేసినట్టుండాది.”

బాలచంద్ర నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవీన్ తన గ్లాసు ఎత్తి తాగాడు, మళ్ళీ తాగాడు. “వణికితేనే ఇట్లుంటే సరేలే. తిరుపతి మీదే. కానీ నువ్వు కూడా రాల అక్కా. జీతమిస్తాం. దినామూ కొత్తవి చేస్తాం, దినామూ చూడాల.”

గ్లాసులో సగానికి పైగా ఇంకా ఉంది. కోమలి దానివైపు చూసింది. నాలుక కొన ఒకసారి పై పెదవి మీది ఉప్పూకారాన్ని తాకి వెళ్ళింది. సుకుమార్ చెయ్యి గ్లాసు వైపు కదిలింది. అంతలో ఆమే దాన్ని తీసుకుని, కౌంటరు వెనక్కి నడిచి, తొట్టిలో ఒంపేసింది.

“దినామూ వద్దన్నా. కొత్తది చేసినప్పుడు మా ఇంటికే వస్తాది, చూసి చెప్తా. జీతం ఇస్తామంటే వద్దనను. తిరుపతిలో పనిచేసేవాళ్ళకంతా మాత్రం చెప్పండి, రుచి చూసేది సుకుమార్ ఇంటామె అని. ఎవురూ లేదు అనొద్దండి.”

మోహన్‌కృష్ణ తలూపాడు.

బయట ఎండ. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే మామిడి ట్రాక్టర్లు రోడ్డంతా బారులు తీరాయి. సుకుమార్ బండిని వాటి పక్కన ఇరుకులోంచి పోనిస్తున్నాడు. గెలిచిన మనిషిలా లేడు.

“మామా,” అంది వెనకనుంచి. “గొంతులో మండింది. తర్వాత మండలా.”

“తర్వాత?”

“తర్వాత బాగుండింది.”

అతను బండి ఆపాడు. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు. “కాణిపాకం పోదామా మే?”

“నేను ఒట్టు పెట్టను. నాకు మళ్ళీ కావాలనిపిస్తే నీకు చెప్తా. ఇప్పుడు చెప్పినానే, ఇట్లనే. నువ్వు చెప్తావా?”

అతను వేలితో బండి అద్దం మీది దుమ్ము తుడిచాడు.

“గడ్డం దాకా ఎత్తినావంట. అంతా చెప్పినానంటివే నిన్న.”

“ఎత్తినా.”

“ఎట్లుండింది?”

ముందున్న ట్రాక్టరు కదిలింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. సుకుమార్ బండిని మట్టిదారిలోకి దించి, ఇంజను ఆపి, గ్లాసు మీద చెమట పట్టిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.